బ్రేకుల్లో గాలి నిండేదాకా

ఇంజను స్టార్టు చేశాక లారీ బ్రేకుల్లో గాలి నిండడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ కాస్త సమయాన్నీ డ్రైవరు పెద్దాయన ఇరవై ఎనిమిదేళ్ళుగా దేవుడికి వదిలేశాడు. రోజూ పొద్దున్నే సీట్లో కూర్చుని, చేతులు జోడించి కళ్ళు మూసుకునేవాడు. ఆ రోజు తనకు ఎదురొచ్చే వాళ్ళందరినీ చల్లగా చూడమని వేడుకునేవాడు. గాలి నిండి బుస్సుమన్నాకే కళ్ళు తెరిచేవాడు.

ఆ ఏడు కంపెనీ లారీలన్నిటికీ కెమెరాలు వచ్చాయి. డ్రైవరు కళ్ళు మూస్తే కూత పెడతాయి, ఆఫీసులో తెర మీద ఎర్రగుర్తు పడుతుంది. నెలలో మూడు పడితే దూరపు రూటు పోయి, ఊళ్ళో సామాను దించే చిన్న బండి చేతికొస్తుంది. యజమానికి వాటి మీద పెద్ద నమ్మకమేమీ లేదు. బీమా వాళ్ళు పెట్టమన్నారు, పెట్టాను, మీరూ సర్దుకోండన్నాడు. డ్రైవర్లు కెమెరాకు అత్తగారని పేరు పెట్టి తువ్వాలు కప్పేశారు. పెద్దాయన కప్పలేదు.

మొదటి మూడు రోజుల్లోనే ఆయనకు మూడు గుర్తులు పడ్డాయి, మూడూ బండి షెడ్డు దాటకముందే. తెర ముందు కూర్చునే అమ్మాయి పిలిచి, పొద్దున్నే ఈ నిద్రేమిటని అడిగింది. ఆయన సిగ్గుపడుతూ సంగతి చెప్పాడు. కళ్ళు తెరిచి దణ్ణం పెట్టుకోమంది. అలా కూడా చేసి చూశాడట గానీ, అద్దం మీది మరక తుడవాలనిపించిందే తప్ప దేవుడు గుర్తు రాలేదట. ఆమె నవ్వి, ఆ మూడింటితో మొదలుపెట్టి ఆయన పొద్దుటి గుర్తులు యజమాని కంటపడకముందే చెరిపేస్తూ వచ్చింది.

పదకొండు రోజులు సెలవు లేకుండా తిరిగిన ఒక మధ్యాహ్నం, తిన్నని రోడ్డు మీద కూత విని పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. బండి తెల్లగీత దాటిపోయి ఉంది. ముందు స్కూటరు మీద ఇద్దరు మాట్లాడుకుంటూ పోతున్నారు. వాళ్ళకేమీ తెలియదు.

సాయంత్రం ఒళ్ళు ఈడ్చుకుంటూ ఆఫీసుకు వెళ్తే, తెర మీద ఆయన పేరు పక్కన ఏమీ లేదు.

"ఒకటి పడింది బాబాయ్. ఎక్కడో ఆపి దణ్ణం పెట్టుకుంటున్నారేమోనని తీసేశాను," అంది అమ్మాయి, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ.

ఆయన తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"అది దణ్ణం కాదమ్మా, నిద్ర."

"ఎవరూ చూడలేదు కదా. యజమానిగారికి తెలిస్తే రూటు తీసేస్తారు."

"తీసేస్తే తీసేయనీ. పొద్దుటివి నీ దయ. ఇది మాత్రం మళ్ళీ పెట్టెయ్యి. పక్కనే పదకొండు రోజులని కూడా రాయి తల్లీ. ఆయన రెండూ కలిపి చూడాలి."