ఉల్లిపూల కోసం ఈగలు

ఆ రోజుల్లో నేను మనుషులతో కంటే డైరీతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని. కండక్టరుకు దిగే ఊరి పేరు చెప్పాలన్నా లోపల రెండుసార్లు అనుకొని అప్పుడు పైకి అనేదాన్ని. అలాంటి నాకు సరిపోయే ఉద్యోగమే దొరికింది: ఆర్మూర్ పక్కన ఆలూర్‌లో ఉల్లిగడ్డల మీద పరిశోధన. ఆకుల మీద ఊదా మచ్చలు వేసి చేనంతా ఎండగొట్టే బూజు తెగులు ఒకటుంది. దాన్ని మేమే కావాలని మళ్లకు అంటించి, ఏ మొక్క తట్టుకుంటుందో చూడాలి. ఉల్లిగడ్డలు మాట్లాడవు కదా, మాకు బాగా కుదిరింది.

ఒక ఏడాది మళ్లన్నీ మాడిపోతే ఒక్క మొక్క మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడింది. దాని గడ్డను దాచి, మళ్లీ నాటి, పూత దాకా తెచ్చాం. మన దిక్కు ఎర్రగడ్డతో దాన్ని కలిపితే తెగులుకు లొంగని పిల్లలు పుడతాయని ఆశ. రెండింటినీ ఒకే దోమతెర గుడారంలో పెట్టాం. ఎర్రగడ్డ పూలల్లో మగ భాగాలను పట్టకారుతో ఒక్కొక్కటే నేనే పీకాను (అంత ఓపిక బాగా మాట్లాడేవాళ్లకు ఉండదు). ఇక పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మోయడానికి ఈగలు కావాలి. పూత పది రోజులకు మించి ఉండదు, సగం అప్పటికే గడిచాయి. ఆ గడ్డ ఇంకో ఏడాది కుళ్లకుండా ఉంటుందన్న నమ్మకం లేదు.

"పొలంల ఈగలొద్దు, వాటి కాళ్లకు వేరే ఉల్లిపూల పుప్పొడి ఉంటది. ఉల్లి మొహం చూడని ఈగలు తీసుకరా," అన్నారు మా సార్, అగ్గిపెట్టె తెమ్మన్నంత తేలిగ్గా. ఇంట్లో చెబితే బీడీలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "లోకమంత ఈగలను ఎల్లగొడ్తది, నా బిడ్డ పట్టుకొస్తదట. గిందుకేనా ఎమ్మెస్సీ చదివింది?"

ముందు ఆర్మూర్‌లో మిఠాయి దుకాణానికి పోయాను. "అన్నా, మీ దగ్గర ఈగలు..." అన్నానో లేదో, "ఈగలా? మా దుకాణంలనా? ఎవలు చెప్పిండ్రు నీకు?" అని తువ్వాల దులిపాడు. ఆ దులుపుడుకు జిలేబీల మీద నుంచి అరడజను లేచాయి. ఆయన నన్ను చూశాడు, నేను ఈగలను చూశాను, ఇద్దరం ఏమీ చూడనట్టు విడిపోయాం. తన దగ్గర ఈగలున్నాయని ఒప్పుకునే వ్యాపారి లోకంలోనే లేడని అప్పుడు తెలిసింది.

మరునాడు ఒక ఖాళీ సీసా పట్టుకొని, బస్సెక్కి చేపల బజారుండే పోచంపాడ్ పోయాను. చేపలమ్మే అక్క గంప ముందు చాలాసేపు నిలబడ్డాను (వాక్యం కూర్చుకుంటున్నాను).

"ఏం కావాలె బిడ్డా? బొచ్చెనా, రవ్వనా?"

"ఈగలు."

అంతే వచ్చింది. మిగతా వాక్యం లోపలే ఉండిపోయింది.

"ఓ పిల్లా! పొద్దుగాల పట్టిన చేపలు నావి! ఈగలంటవా? నా బేరం చెడగొట్టనీకి ఎవలు తోలిండ్రు నిన్ను?"

కొనేవాళ్లంతా నా వైపు తిరిగారు. పారిపోదామనుకున్నాను. కానీ గుడారంలో పూలు పొద్దుననే వాడుముఖం పట్టాయి. ఏడుపు వస్తుందనుకుంటే మాటలొచ్చాయి. తెగులు, మాడిన మళ్లు, ఆ ఒక్క పచ్చ మొక్క, పట్టకారు, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అక్క నోరు తెరిచి విన్నది. "గా రోగమే మా తమ్ముని ఉల్లిగడ్డను గూడ తిన్నది. ముందుగాల చెప్పరాదు, పిచ్చిపొల్ల!" అంతలోనే పరువు గుర్తొచ్చి, "నా దగ్గరైతే లేవు. గా పక్కదాని దగ్గర మస్తుగుంటయ్," అంది.

"నా దగ్గర ఏడున్నయే! నీ గంప మీదికెల్లే వస్తయ్ నాకు!" అని పక్కామె లేచింది.

తిట్టుకుంటూనే ఇద్దరూ నా సీసాలో చేప పేగులు వేసి, రెండు గంపల నడుమ, ఎవరిదీ కాని జాగాలో పెట్టారు. పది నిమిషాల్లో సీసా నల్లబడింది.

తిరుగు బస్సులో సీసా ఒళ్లో పెట్టుకొని, మూతికి కట్టిన గుడ్డను రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాను. పక్క సీటు దారిపొడుగునా ఖాళీయే (వాసన అలాంటిది). గుడారంలో వదిలితే ఈగలు మొదట నా ముఖం మీదే వాలాయి, తర్వాత బుద్ధి తెచ్చుకొని పూల మీదికి పోయాయి. ఎండలు ముదిరాక ఎర్రగడ్డ పూగుత్తిని అరచేతిలో దులిపితే చిటికెడు నల్లగింజలు రాలాయి. మరుసటి ఏడాది తెగులు అంటించిన మడిలో వాటి మొక్కలు కొన్ని మాడాయి, కొన్ని నిలిచాయి. ఆ నిలిచినవాటి మీదే ఇప్పటికీ పని చేస్తున్నాం.

ఇప్పుడు ఈగలను మేమే పెట్టెలో పెంచుకుంటున్నాం, ఎవరినీ అడగక్కర్లేదు. రైతుల ముందు మైకు పట్టుకొని గంటసేపు మాట్లాడతాను కూడా. అయినా పోచంపాడ్ బస్సు ఎదురైనప్పుడల్లా, సీసా పట్టుకున్న ఆ పిల్ల పక్కన ఖాళీ సీట్లో పోయి కూర్చోవాలనిపిస్తుంది. ఏమీ మాట్లాడను. ఆమెకూ అదే ఇష్టం.