వెనక సీటుకు తలుపు లేని కారు

మా అబ్బాయి ముంబైలో, నాగ్‌పాడాలో ఒక గ్యారేజీలో కార్లు బాగుచేసి రంగు వేస్తాడు. ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ అద్దంలా మెరిపించి పంపి, తను మాత్రం నడిచి ఇంటికొస్తాడు. రెండే తలుపులుండి, మూతి పొడుగ్గా, నేలకు ఆనినట్టుండే విదేశీ కార్లంటే వాడికి చిన్నప్పటినుంచీ పిచ్చి. కొత్తవైతే మాలాంటివాళ్ళు వాటి టైరు కూడా కొనలేరు. పాతబడ్డాక మాత్రం ధర దబ్బున పడిపోతుందట. రిపేరు ఖర్చుకు భయపడి ఎవరూ దగ్గరికి రారట.

"ఆ పని నాకే వస్తది గదమ్మా, నాకేం భయం?" అనేవాడు. పెళ్ళి మాటెత్తితే, "ముందు గాడి రానీ, గాడి ఎక్కేటామె తర్వాత" అని నవ్వేవాడు. ఫోన్లో బొమ్మలు చూపించేవాడు. నాకన్నీ ఒకేలా కనబడేవి. అయినా వాడి ముఖం చూసి, "ఇది బాగుందిరా" అనేదాన్ని.

పోయినేడు వానలు తగ్గాక, వర్లిలో సముద్రం వైపు మేడలో ఉండే ఒక పెద్దాయన తన పాత కారు అమ్ముతున్నాడని తెలిసింది. మారుబేరగాళ్ళకు ఇవ్వను, ఇంటివాళ్ళను తీసుకొచ్చి చూసుకునే మనిషికే ఇస్తానన్నాడట. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వాడికి ఇంటివాళ్ళంటే నేనూ, మా అత్తమ్మా. అత్తమ్మ పెట్టె అడుగున ఉన్న పట్టుచీర తీసి కట్టింది. మేముండే చాల్‌లో, ఆ ఒంటిగది ఇళ్ళ వరసలో, ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏందే పెద్దమ్మా, కారు చూడబోతున్నవా, పిల్లను చూడబోతున్నవా?"

"రెండూ ఒకటేనే. ఇంటికొచ్చినంకనే గుణం తెలుస్తది" అంది అత్తమ్మ.

ఆ మేడ కింద, చీకటి కారుషెడ్డులో, పెద్దాయన గుడ్డ తీస్తే ముదురు నీలం కారు బయటపడింది. మావాడు గబుక్కున మీద పడలేదు. ఇంజిను మూత మీద అరచేయి ఆనించి, చల్లగా ఉందని చూసుకున్నాకే స్టార్ట్ చేశాడు. ముందే వేడి చేసిపెట్టిన ఇంజిను తన రోగాన్ని దాచిపెడుతుందట. కాళ్ళకింది తివాచీలు ఎత్తి తుప్పు వెతికాడు. మోకాళ్ళ మీద వంగి కింద నూనె చుక్కల కోసం చూశాడు. వాడు చూసే తీరు పెద్దాయనకు నచ్చింది. ధర కూడా వాడు దాచుకున్నదానికి అందేటట్టే కుదిరింది. అప్పుడడిగాడాయన, హిందీలో, మామూలుగానే, "ఎక్కడుంటారు మీరు?" అని.

"నాగ్‌పాడా" అన్నాడు మావాడు.

"జంక్షన్ దగ్గర్నే సాబ్" అని నేనూ కలిపాను.

మేముండేది కామాటిపురలో. ఆ పేరు మేం బయట చెప్పం. బళ్ళో, పనికి కుదిరేచోట, సంబంధాల దగ్గర, ఎవరడిగినా నాగ్‌పాడా అంటాం, లేకపోతే ముంబై సెంట్రల్ అంటాం. మా పెద్దలు ఇటుకలు మోసి, రాళ్ళు కొట్టి బతికిన చోటని వినేవాళ్ళకు తెలియదు. కొన్ని గల్లీల్లో జరిగే ఒళ్ళమ్ముకునే వ్యాపారం ఒక్కటే తెలుసు. పేరు వినగానే చూపు మారిపోతుంది. ఆడది చెబితే మరీను. అందుకే ఆ అబద్ధం మా నోటికి ఆలోచించకుండానే వస్తుంది. అత్తమ్మ మాత్రం నావైపు ఒకసారి చూసి ఊరుకుంది.

పెద్దాయన అన్నాడు, "సరే, మీ ఇంటిదాకా నడిపి చూపించు. నా బండి ఎక్కడ నిలబడుతుందో చూస్తే నాకు నిమ్మళం. అక్కడే మాట ఖాయం చేసుకుందాం."

మావాడు తలూపి, మేం ఎక్కడానికి తలుపు తీశాడు.

ఆ కారులో ముందు సీటు వంచితేనే వెనక్కి దారి. అత్తమ్మ ముందు తల పెట్టింది, తర్వాత ఒక కాలు, తర్వాత చీర కుచ్చెళ్ళు. "ఇది కారారా, సందూకు పెట్టెనా?" అంటే, మాట తెలియకపోయినా పెద్దాయన కూడా నవ్వాడు. ఆమె పక్కన నేనూ ఇరుక్కున్నాను. వాళ్ళిద్దరూ ముందు కూర్చున్నారు. రోడ్డు మీద జనం తిరిగి తిరిగి చూస్తున్నారు. నడిపేది నా కొడుకు. ఆ కాసేపూ ఏం దాచుకోను, నాకు గర్వంగానే ఉంది.

నాగ్‌పాడాలో వాడు మా గల్లీ వైపు తిప్పలేదు. గేటు, వాచ్‌మన్ ఉన్న ఒక బిల్డింగు ముందు ఆపాడు. అది వాళ్ళ గ్యారేజీ సేఠ్ ఉండే బిల్డింగు. ముందున్న ఇద్దరూ దిగారు. "ఇదే సార్ మా ఇల్లు. ఆ మూలకు నిలబెడతా" అని మావాడు చెయ్యి చూపించాడు.

"ఎవరిల్లే ఇది?" అంది అత్తమ్మ.

"వాళ్ళ సేఠ్‌ది. ఊకో అత్తమ్మా."

"మనిల్లు చెప్పనీకి ఏమైంది వానికి?"

ఆమె తన పక్కన చేత్తో తడుముతోంది. కిందినుంచి అద్దం దాకా నున్నటి తోలే.

"తలుపేదే?"

"మనకు తలుపు లేదత్తమ్మా. వాడొచ్చి సీటు వంచాలె."

అలా కూర్చుని, నా కొడుకు పరాయివాళ్ళ ఇంటిని మాదని చెప్పుకోవడం మొత్తం విన్నాను. వాచ్‌మన్ వచ్చి, "ఏం భయ్యా, సేఠ్ ఊళ్ళో లేడు కదా, ఎవరి బండి తెచ్చావ్?" అని అడగడం కూడా విన్నాను. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నాను. అత్తమ్మ గాజుల చేత్తో అద్దం మీద దబదబా కొట్టింది.

పెద్దాయనే వచ్చి సీటు వంచి చెయ్యి అందించాడు. అత్తమ్మ దిగి, కొంగు సర్దుకుని, తన బజారు హిందీలో చెప్పింది, "నా ఇల్లు ఇది కాదు సాబ్. కామాటిపుర. నడుస్తే దగ్గర్నే. రా, చాయ్ తాగిపో."

ఆయన మావాడిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "చాయ్ ఇంకోసారి, అమ్మా" అన్నాడు. తాళం కోసం చెయ్యి చాపాడు. ఫోన్ చేస్తానని బండెక్కి వెళ్ళాడు. ఆ ఫోన్ రాలేదు. మా గల్లీ పేరు విని వద్దనుకున్నాడో, అబద్ధం విని వద్దనుకున్నాడో మాకు తెలియదు. గల్లీ పేరుకైతే ఆయన మీద కోపం తెచ్చుకోవచ్చు. రెండోదైతే ఏం చేయగలం?

ముగ్గురం నడిచి వస్తుంటే మావాడు, "నీ నోరు జర ఆపుకోరాదా అవ్వా?" అన్నాడు.

"ఆపుకున్న గదరా, వర్లి నుంచి ఈడిదాక."

గల్లీ మొగలో ఆడవాళ్ళు హారతి పళ్ళెం, నిమ్మకాయలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. గాడి తెస్తున్నానని వీడే పొద్దున చెప్పిపోయాడట. "ఏదిరా గాడి?" అని చుట్టూ మూగారు.

"నేనే వద్దన్న. దాని రంగు నాకు నచ్చలె" అంది అత్తమ్మ.

అందరూ ఆమె మీద పడ్డారు. "ముసల్దానివి, నీకు రంగుతోని ఏం పనే? పిల్లగాడు ఎంత ఆశపడ్డడు!" "తోలేది నువ్వా, వాడా?" వాడు చెప్పులు చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. నేను నోరు తెరిచాను. నిజం చెబితే, మన గల్లీ పేరు దాచి నాగ్‌పాడా అన్నామని కూడా చెప్పాలి, వాళ్ళ మధ్య నిలబడి. మూసుకున్నాను.

ఇప్పటికీ పొద్దున కుళాయి దగ్గర, "పెద్దమ్మా, ఇయ్యాల నీళ్ళ రంగు నచ్చిందా?" అని ఆటపట్టిస్తారు. ఆమె నవ్వి బిందె నింపుకుని పోతుంది. ఆమె వెనకే, నా బిందె పట్టుకుని, నేనుంటాను.