వంగి వచ్చే పిల్లలు

బడి గేటు ముందు పులిసిన సోయాగింజల టెంపే బజ్జీలు అమ్ముకునేదానికి చదువుల సంగతెందుకని మా ఊళ్లో దెప్పుతారు. దెప్పనీ. వర్తియా టీచరమ్మ గురించి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

జావా ఉత్తర తీరం మాది. సముద్రం ఇంట్లోకొచ్చినప్పుడల్లా మట్టి పోసి నేల ఎత్తు చేసుకుంటాం. కప్పు ఎత్తే స్తోమత లేదు. అందుకని మా గుమ్మాలు పొట్టివవుతూ వచ్చాయి, వంగకుండా ఏ ఇంట్లోకీ వెళ్లలేం. టీచరమ్మ ఈ ఊరి కోడలిగా వచ్చిన కొత్తలో నుదుటి మీద బొప్పి తగ్గేది కాదు. తర్వాత ఆవిడకీ వంగడం అలవాటైంది. పక్కిళ్లవాళ్లు ఒక్కొక్కరే ఊరొదిలి పోయినా, ఆవిడ మాత్రం నీళ్లలో నిలబడే పిల్లలకి అక్షరాలు దిద్దించింది.

ఈ ఏడు బడి నేలకి మట్టి పోయించకపోతే బడి మూసేస్తారని తేలింది. పోయించాల్సిన అధికారి పట్నంలో సైన్సు ప్రదర్శనకి వస్తాడని తెలిసి, ఆవిడ పట్టుబట్టి రెండో తరగతి పిల్లల చేత మా ఊరి నమూనా చేయించింది. అట్టముక్కల ఇళ్లు, మధ్యలో బడి. చెంబుతో నీళ్లు పోస్తే బడి మునుగుతుంది. బడి కింద మట్టి పెట్టి పోస్తే మునగదు. అంతే సైన్సు. అంతకన్నా ఏం కావాలి?

బజ్జీల గంపతో నేనూ వెంట వెళ్లాను. ప్రదర్శన పెట్టిన హాలు గుమ్మంలో ఏనుగైనా పడుతుంది. మా పిల్లలు మాత్రం వరసగా తల వంచి, నడుం వంచి లోపలికి నడిచారు.

రిరిస్ అనే పిల్ల నీళ్లు పోసి చూపించింది. "బడి మునిగింది సార్. మట్టి పోస్తే మునగదు సార్."

"బాగుందమ్మా. మరి గుమ్మాలింత పొట్టిగా పెట్టారేం? కొలత తప్పింది," అన్నాడు అధికారి.

"గుమ్మాలు ఇంతే ఉంటాయి కద సార్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మార్కులు కోసేశారు.

చివర్లో మా బడి పేరు పిలిస్తే గంప చంకనెత్తుకుని ముందుకు జరిగాను. అధికారి మైకు అందుకున్నాడు. "పెద్దల ముందు ఇలా వంగి నడిచే పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ? వినయానికి బహుమతి వీళ్లకే."

టీచరమ్మ అందరి ముందే చెప్పేసింది. "వినయం కాదు సార్. మా ఊళ్లో గుమ్మాలు తలకి కొట్టుకుంటాయి, అందుకని వంగుతారు. బడికి మట్టి పోయించండి సార్, చాలు."

ఆయన మురిసిపోయాడు. "చూశారా, పొగిడితే కూడా ఒప్పుకోరు. గురువుకే ఇంత వినయముంటే పిల్లలకి రాదూ?"

చప్పట్లు మోగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. గంప ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది.

దారిలో టీచరమ్మ అడిగింది. "ఇంకెలా చెప్పాలక్కా?"

మిగిలిన బజ్జీ ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను.

మట్టి రాలేదు. బడి మూసేశారు. మిగిలిన పిల్లల్ని పట్నం బడిలో వేస్తే, మొదటి రోజు ఆవిడే దగ్గరుండి దింపింది, నేనూ తోడు వెళ్లాను. అక్కడి ఎత్తు గుమ్మం దగ్గర రిరిస్ వంగింది.

"ఇక్కడ తల తగలదమ్మా. నిటారుగా నడువు."

రిరిస్ వెనక్కెళ్లి మళ్లీ వచ్చింది. మళ్లీ వంగింది.

"ఎంత వినయమో ఈ పిల్లకి," అంది అక్కడి టీచరు.

ఈసారి మా టీచరమ్మ కాదనలేదు.