రైలెక్కబోయి దవాఖానకు

మీలో ఎవరైనా ఎండాకాలం ఇంటిల్లిపాదినీ ఒక్కరోజు షికారుకు తీసుకెళ్దామని ప్లాను వేస్తుంటే, దయచేసి కాస్త ఆగి ఇది చదవండి. రైలెక్కించి కొండకు తీసుకెళ్తానని బయల్దేరదీసిన మనిషిని నేను సూదిమందు దగ్గరికి చేర్చాను. దారిలో అతని ఉద్యోగాన్ని ఇంచుమించు ఊడబెరికాను. చివరికి మా వాడకట్టు మొత్తానికి వేళ్లమీద సూదులు గుచ్చించాను. ఇదంతా ఒకే ఒక్క ప్లానుతో.

తొంభైల మొదట్లో మాట. నాకప్పటికి ఇరవై నిండలేదు. ఇంటర్ తప్పాను గానీ చదువు మానలేదు. పొద్దున్నే కర్దనూర్ నుంచి సైకిలెక్కి పటాన్‌చెరు గ్రంథాలయానికి వెళ్తే, అక్కడి ఫ్యాను ఆగిపోయేదాకా కదిలేవాణ్ని కాదు. విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ నమిలేశాను, ఒక్క రెండోది తప్ప. దాన్ని ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు. అందుకే ఇప్పటికీ క నుంచి చ దాకా నా జ్ఞానం కొంచెం పలచన.

ఆ వేసవిలో నా చేతికి రైల్వే టైంటేబుల్ చిక్కింది. దాన్ని నవల చదివినట్టు చదివాను. ఆఖరి పేజీకొచ్చేసరికి ప్లాను సిద్ధమైంది: లింగంపల్లిలో ప్యాసింజరెక్కి వికారాబాద్, అక్కణ్నుంచి లోకల్ బస్సులో అనంతగిరి, చెట్లకింద తిండి, చీకటిపడేలోగా ఇల్లు. ప్రయాణికులం నలుగురం. నేను, మా అక్క సులోచన, బావ యాదయ్య, మా నాయనమ్మ. నాయనమ్మ అప్పటిదాకా రైలును దూరం నుంచి కూత ద్వారానే ఎరుగును.

బావ ఫ్యాక్టరీలో టెంపరరీ. పర్మినెంటు చేయాల్సినవాళ్ల పేర్లు సరిగ్గా ఆ నెలలోనే పైకి పంపుతున్నారు. పంపేది వాళ్ల సూపర్‌వైజర్ మొగులయ్య సారు. సారు రాస్తే ఉద్యోగం నిలుస్తుంది, రాయకపోతే బావ మళ్లీ గేటు బయట నిలబడి పని అడుక్కోవాలి.

"ఆదివారం పోదాం తియ్ బామ్మర్దీ" అన్నాడు బావ.

"ఆదివారం లోకమంత రైలెక్కుతది బావా. నాయనమ్మకు కిటికి దొరకది. వారం నడుమ పోవుడే ఉత్తమమని బుక్కుల రాసిర్రు."

"మరి నా నైట్ డ్యూటీ?"

"జొరమని చెప్పి పంపు."

"పర్మినెంటు ముంగట జొరమా?"

"జొరం ముహూర్తం చూస్కొని వస్తదా బావా?"

నా తర్కానికి బావ లొంగాడని ఆరోజు మురిసిపోయాను. నిజానికి అతను లొంగింది నాయనమ్మకు. ఆమె అప్పటికే పట్టుచీర పెట్టెలోంచి తీసి దండెం మీద ఆరేసింది. దాన్ని చూశాక ఎవరికైనా కాదనడానికి నోరు రాదు.

ఇక శాస్త్రీయ పరీక్ష. మా ఊరి నుంచి లింగంపల్లి వైపు రెండు బస్సులుండేవి. నేరుగా వెళ్లేది ఎప్పుడూ ఊరగాయ జాడీలా కుక్కి ఉండేది. రెండోది ఫ్యాక్టరీల రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్లేది. ఓ ఆదివారం తెల్లవారుజామున ఆ చుట్టు బస్సెక్కి చూశాను. ఆహా! నేను, డ్రైవరు, వెనక సీటు మీద కాళ్లు చాపి గురకపెడుతున్న కండక్టరు. అంతే. ఇంత గొప్ప రహస్యం ఊళ్లో ఎవరికీ తెలియదే అని జాలిపడ్డాను కూడా.

ప్రయాణం రోజు రానే వచ్చింది. అలాంటి తెల్లవారుజాములు మళ్లీ ఎప్పుడూ చూడలేదు. చల్లగాలి, అక్క తలలో మల్లెలు, పులిహోర గిన్నె మూతలోంచి ఇంగువ వాసన, పట్టుచీరలో పెళ్లికూతురిలా నాయనమ్మ. నేరు బస్సు వచ్చింది. బావ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టాడు. నేను చొక్కా పట్టి కిందికి గుంజాను.

"ఎన్క ఖాళీ బస్సున్నది బావా. నన్ను నమ్ము."

నమ్మాడు. చుట్టు బస్సు ఖాళీగానే వచ్చింది. నాయనమ్మకు కిటికీ దొరికింది. నా కాలర్ దానంతటదే లేచి నిలబడింది. కొంతదూరం వెళ్లాక బస్సు ఫ్యాక్టరీల వైపు తిరిగింది.

బావ తలెత్తి చూశాడు. "ఇదిటెందుకు మలిగింది?"

"గిదే అసలు రూటు బావా. ఈగ గూడ ఎక్కది. నేను పరీక్ష చేసి చూసిన."

"ఎన్నడు చూసినవ్?"

"మొన్న ఐతారం."

బావ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకొస్తుంది. "అరే పాగల్! ఐతారమని శనివారం రాత్రికే మా కంపెని బంద్ అయితది! ఇప్పుడు నైట్ షిఫ్టు ఇడిశే టైమురా!"

సమాధానంగా సైరన్ మోగింది. బస్సు సరిగ్గా బావ పనిచేసే ఫ్యాక్టరీ గేటు ముందే ఆగింది. చీమలపుట్ట మీద కాలు పెడితే ఎలా ఉంటుందో అలా బయటికొచ్చింది షిఫ్టు. అక్క చురుకైన మనిషి. కొండమీద పరుద్దామని తెచ్చిన దుప్పటి తీసి బావను కాళ్ల నుంచి ముక్కుదాకా చుట్టేసింది. అందరికంటే ముందు ఎక్కిందెవరో మీరు ఊహించగలరు.

"యాదయ్యా! నువ్వేంది గీడ?" అన్నాడు మొగులయ్య సారు. కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. "జొరమన్నరని నీ మిషన్ రాత్రంత నేనే నడిపిన. ఎట్లున్నది?"

బావ మూలిగాడు. అందులో నటన కొంచెమే.

"దవాఖానకు తోల్కపోతున్నం సారూ" అంది అక్క.

"గిన్ని గిన్నెలెందుకమ్మా?"

"అడ్మిట్ చేస్కుంటరేమో అని."

ఇక్కడితో ఆగిపోయి ఉంటే కథ గట్టెక్కేది. కానీ నాయనమ్మ కిటికీలోంచి తల తిప్పి, "ఇగ రైలు ఎంత దూరమున్నది బిడ్డా?" అని అడిగింది.

"రైలేంది అవ్వా?" అన్నాడు సారు.

"పెద్దమనిషి సార్, జెర మతి తప్పింది" అన్నాను నేను.

"ఎవరికిరా మతి తప్పింది? నీ నోట్ల మన్నువడ! రాత్రి నిద్రవోకుండ గారెలు కాల్చింది ఎవరు?"

సారు ముఖంలో అనుమానం మొదలైంది. బావ ఉద్యోగం దారానికి వేలాడుతోంది. ఇప్పుడు దాన్ని కాపాడగలిగేది నా చదువొక్కటే అనిపించింది.

"మామూలు జొరం గాదు సార్" అన్నాను గొంతు తగ్గించి. "చలి, వణుకు, చెమట. రోజిడిశి రోజొస్తది. నేను చదివిన బుక్కుల ప్రకారం ఇది మలేరియా."

పక్క సీట్లోని ఇద్దరు లేచి దూరంగా వెళ్లి నిలబడ్డారు. సారు బావ నుదుటి మీద చెయ్యి వేశాడు. నడివేసవిలో, కిక్కిరిసిన బస్సులో, మందపు దుప్పట్లో అంతసేపు ఉన్న నుదురు ఎలా ఉంటుందో చెప్పాలా?

"పెనం లెక్క కాలుతున్నడు! నడువుండ్రి, నేను గూడ వస్త."

"వద్దు సార్, మీకు నిద్ర..."

"నిద్ర ఏడికి పోతది? పిలగానికి ఏమన్న అయితే?"

ఇంటికెళ్లి పడుకోవాల్సిన ఆ మనిషి మమ్మల్ని పటాన్‌చెరులో దింపి, బావ భుజం పట్టుకుని కార్మికుల దవాఖానకు నడిపించాడు. డాక్టరమ్మ మలేరియా మాట వినగానే బావ రక్తం తీసింది. తీశాక సూదిమందు పొడిచింది. నాలుగు రోజులు పనిలోకి వద్దని రాసింది. బావ అరిచిన అరుపు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

బయట వరండాలో కూర్చున్నాం. నాయనమ్మ గిన్నె తెరిచి సారు ముందు పెట్టింది. "రాత్రంత పనిజేసి వచ్చినవ్ బిడ్డా, తిను." ఆయన రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. లింగంపల్లి రైలు ఆపాటికి ఏ ఊరు దాటి ఉంటుందో నాకు కచ్చితంగా తెలుసు. ఎవరూ అడగలేదు.

అయిపోయిందనుకున్నారా? సారు మంచితనం అక్కడితో ఆగలేదు. కర్దనూర్‌లో మలేరియా అని ఆయన ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పాడు. రెండో రోజు పొద్దున్నే వీపున పంపులు కట్టుకుని ఆరోగ్యశాఖవాళ్లు దిగారు. కుండలన్నీ బోర్లించారు, గోడలకు మందు కొట్టారు, వాడకట్టులో ఒక్కొక్కరినీ పిలిచి వేలు గుచ్చి రక్తం తీశారు. సాయంత్రానికి మా వాడలో వేలికి దూది లేని మనిషి లేడు. ఆ దూది వేళ్లన్నీ నా వైపే చూపిస్తున్నట్టు అనిపించేది.

నాలుగు రోజులూ బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిజం బయటపడితే పేరు కొట్టేస్తారని తిండి మానేశాడు. నిజమైన రోగిలా చిక్కిపోయాడు. ఐదోరోజు మొగులయ్య సారు సంచిలో బత్తాయిలు పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"రక్తంల ఏం లేదట. ఖుష్ కావాలె గదయ్యా, గట్ల చూస్తవేంది? నీ పేరు పంపిన. ఒంట్ల బాగలేకుంటె ముందే చెప్పి పంపినవ్. చెప్పకుండ ఎగ్గొట్టేటోళ్లతోని పరేషాన్ అయితున్న నేను."

సారు వెళ్లిపోయాక బావ సంచి దగ్గరికి లాక్కున్నాడు. ఒక బత్తాయి వొలిచి నా చేతిలో పెట్టాడు. "తిను బామ్మర్దీ. ఇగ మీదట నువ్వు నోరు తెరిచేది తినేతందుకే."

ఆ తర్వాత నిజంగా జ్వరం వచ్చినా బావ డ్యూటీ మానిన రోజు లేదు. బతికున్నంతకాలం సారు ముందు అబద్ధమాడకూడదని ఒట్టు పెట్టుకున్నాడట. నాయనమ్మ రైలు కూడా ఎక్కింది. నాకు చెప్పకుండా, ముందురోజు రాత్రి గుసగుసలాడుకుని, ముగ్గురూ వెళ్లొచ్చారు. "ఎట్లున్నది నాయనమ్మా?" అంటే, "మంచిగున్నది కొడుకా, నువ్వు లేవు గద!" అంది బోసినోటితో నవ్వుతూ. ఆ నవ్వు కోసమైతే ఇంకో వంద సూదులు పొడిపించుకోవచ్చు, బావకు.

కాబట్టి పాఠకమహాశయులారా, చేతిలో బత్తాయి తొన పట్టుకుని ఆరోజు నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ప్రాణముండగా ఎవరి ప్రయాణానికీ ప్లాను వేయను, ఎవరి జ్వరానికీ పేరు పెట్టను.