టీచరమ్మ రంగు వేయని గోడ

పక్క వాటాకు రంగులు వేస్తున్నారు. శంషాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో కిటికీ తెరిస్తే విమానాల మోత, మూస్తే రంగు వాసన. ఏది నయమో తేల్చుకోలేక ఈ ఉదయం కిటికీని సగం తెరిచి కూర్చున్నాను. తడి రంగు వాసన చాలామందికి పండగను గుర్తుచేస్తుందట. నాకు ఎస్తేరు టీచరమ్మను గుర్తుచేస్తుంది. అలాగని ఆమె గోడలకు రంగు వేసిన మనిషి కాదు. వేయనన్న మనిషి.

మా ఊరు మంఖాల్. అక్కడి మా చిన్న చర్చికి ఏటా విదేశాల నుంచి సేవా బృందాలు వచ్చేవి. కొన్నాళ్లు ఉండి, పాటలు పాడి, పిల్లలతో ఆడి, పోయేముందు చర్చి ప్రహరీకి రంగు వేసి పోయేవారు. ఒక ఏడు నీలం, ఒక ఏడు పసుపు. చిక్కల్లా ఏమిటంటే, మా దగ్గర ఉన్నది ఒకటే గోడ. అందుకని వాళ్లు దిగకముందే మా పెద్దలు మనుషుల్ని పెట్టి, నిరుడు వేసిన రంగును ఇనుప పట్టీలతో గీకించేవారు. ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టకపోతే ఎంత తప్పో, వీళ్లకు గోడ పెట్టకపోవడం అంత తప్పు. మేం దాన్ని మర్యాద అనే అనుకున్నాం. అలా అనుకోనిది ఎస్తేరు టీచరమ్మ ఒక్కతే. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆమె, చర్చి పక్కనున్న రేకుల గదిలో సాయంత్రాలు ఊరి పిల్లలందరికీ చదువు చెప్పేది. "మనింటికొచ్చినోళ్లను కూసోవెట్టి మాట్లాడాలె గని, పని జెప్తరా?" అని సంఘం కూటంలో అడిగింది. ఊరికే కూర్చోబెడితే వాళ్లు నొచ్చుకుంటారని పెద్దలు తేల్చారు. గీకుడు యథావిధిగా సాగింది.

ఆ బృందాలను నడిపే సంస్థకు ఇక్కడి బాధ్యుడు విక్టర్ గారు. కోస్తా మనిషి, ప్రతి మాటకూ ఒక అండీ తగిలించేవారు. ఇన్నాళ్లూ సేవ అందుకున్న మేము ఇప్పుడు సేవ చేయాలని, మాలో ఆరుగురిని పది రోజులకు జాంబియా తీసుకుపోతానని ఆయన ప్రకటించారు. టీచరమ్మ గది రేకులకు అప్పటికే చిల్లులు పడ్డాయి. వానొస్తే పిల్లలు పలకల్ని నెత్తిన పెట్టుకునేవారు, చదువు తలకెక్కడమంటే అదేనేమో. ఈ ప్రయాణం ఫొటోలు దాతలకు నచ్చితే గదికి కొత్త కప్పు వేయిస్తామని విక్టర్ గారు మాటిచ్చారు. టీచరమ్మ వస్తానన్నది ఆ కప్పు కోసమే. ఆ సంగతి ఆమె దాచనూ లేదు. ఇంగ్లీషు వచ్చినవాడినని నన్నూ చేర్చారు. ఎయిర్‌పోర్టుకు పోతూ ఆటోలో అంది: "ఇన్నేండ్ల సంది విమానాల కడుపులే చూస్తున్నం, సామేలూ. ఇగ వీపు ఎట్లుంటదో సూద్దాం పా." లోపల కూర్చున్నవాళ్లకు రెండూ కనిపించవని నేను చెప్పలేదు. బయలుదేరిన మనిషిని దారిలోనే నిరాశపరచడం సేవ కిందికి రాదు.

జాంబియాలో మమ్మల్ని దింపిన పల్లెలో మా పని బడి గోడకు రంగు వేయడం. మేం చేరేసరికి డబ్బాలు, కుంచెలు, మా కొలతకు కుట్టించిన టోపీలు సిద్ధంగా ఉన్నాయి. విక్టర్ గారు ఫోన్ తీసి, మమ్మల్ని వరసగా నిలబడమన్నారు. టీచరమ్మ వరసలో నిలబడకుండా గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించింది. చేతికి తెల్లటి పొడి అంటింది. వంగి గోడ మొదట్లో చూసింది. మట్టిలో ఆకుపచ్చ రంగు పెచ్చులు, ఇంకా మాసిపోనివి. ఆమె నావైపు తిరిగింది.

"సామేలూ, ఇది మన గోడనే రా."

ఆ తర్వాత ఆమె కుంచె పట్టనంది. ఫొటోలు లేకపోతే దాతలకు ఏం చూపించాలని విక్టర్ గారు బతిమాలారు, చివరికి అసలు మాట అనేశారు: "మీ గది కప్పు సంగతి ఆలోచించండి టీచర్ గారూ, నేను చేయగలిగింది ఏమీ ఉండదండి." ఆయన బెదిరించలేదు, నిజమే చెప్పారు. అందుకే అది మరీ బరువుగా ఉంది. టీచరమ్మ తనకిచ్చిన టోపీని డబ్బా మీద పెట్టింది. "నా పిల్లలు తడుస్తరని ఈళ్లతోని ఏటేటా గోడ గీకిస్తనా? నాతోని గాదు విక్టరూ," అంది.

బడి హెడ్‌మాస్టరును, చుట్టూ మూగిన ఆడవాళ్లను కూర్చోమంది. మా ఊరి గోడ కథంతా చెప్పింది. నేను ఇంగ్లీషులోకి, హెడ్‌మాస్టరు వాళ్ల భాషలోకి మార్చాలి. గీకుడు దగ్గరికి రాగానే హెడ్‌మాస్టరు ఆగిపోయాడు, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆయన మిగతాది చెప్పాక ఆడవాళ్లంతా నవ్వారు. నవ్వులు తగ్గాక టీచరమ్మ తన గది సంగతి చెప్పి, మా కోసం మీరే ప్రార్థన చేయండని అడిగింది. వాళ్లలో పెద్దావిడ ఒకామె నమ్మలేనట్టు రెండుసార్లు అడిగించుకుంది. ఇంతవరకూ వచ్చిన ప్రతి బృందమూ ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పోయిందట, ఆమె ప్రార్థన అడిగినవాళ్లు లేరట. ఏమని వేడుకోమంటారని ఆమె అడిగితే, "వానలు మంచిగ పడాలె, నా పిల్లలు తడవొద్దు," అంది టీచరమ్మ. ఒకే దరఖాస్తులో రెండు ఎదురెదురు కోరికలు. పెద్దావిడ లేచి, టీచరమ్మ నెరిసిన తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు ప్రార్థించింది. నాకు అర్థమైంది ఒక్క మాటే, మంఖాల్.

మిగిలిన రోజులు వాళ్ల పొయ్యిల దగ్గర కూర్చున్నాం, వాళ్ల పాటలు నేర్చుకున్నాం. ఫొటోలకు పనికొచ్చేదేమీ చేయలేదు. కొత్త కప్పు రాలేదు. ఆ ఏడు వానలు మాత్రం దంచికొట్టాయి. ప్రార్థనలో సగం వెంటనే ఫలించిందన్నమాట. రెండో సగాన్ని టీచరమ్మ తనే చూసుకుంది. పిల్లల్ని తీసుకుపోయి నేరుగా చర్చిలో కూర్చోబెట్టింది. అందులో సగం మంది చర్చి పిల్లలు కాదని, బురద కాళ్లని పెద్దలు అడ్డం నిలబడ్డారు. ఆమె తలుపులో కుర్చీ వేసుకుని కూర్చుంది. "పోరగాండ్లు తడవకుంట కూసుంటే దేవునికేం తక్లీఫ్? ఆయనను అడిగి రాండ్రి, అప్పుడు లేస్త." అడగడానికి ఎవరూ పోలేదు. ఆమె పోయేదాకా, పోయాక కూడా, పాఠాలు అక్కడే.

మొన్న విక్టర్ గారు ఫోన్ చేశారు. ఇప్పుడు సంఘం కార్యదర్శిని నేను. పెద్ద బృందం వస్తోందని, గోడ కాస్త సిద్ధం చేయించమని, ఈసారి గది కప్పు ఖాయమని ఎంతో మర్యాదగా చెప్పారు. నేనూ అంతే మర్యాదగా, గోడ ఖాళీగా లేదన్నాను. కుర్చీలు వేయిస్తామని, భోజనం పెడతామని, మా కోసం వాళ్లు ప్రార్థించేముందు వాళ్ల కోసం మా పిల్లలు ప్రార్థిస్తారని, తల వంచడానికి అభ్యంతరం లేకపోతే తప్పక రమ్మని చెప్పాను. విక్టర్ గారు ఇంకా మర్యాదగా అడిగారు:

"మరి కప్పు సంగతి ఏం చేద్దామండి?"

"మా పిల్లలు తడవడం లేదండి," అన్నాను.