ఎడమకు లాగే కారు, కుడివైపు ఆంజినమ్మ

ఇమ్మానుయేల్ కారెక్కాలంటే ముందు తూగాలి. తక్కెడలో కాదు, ఆయన కంట్లో. మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి "డెబ్బై రెండు, కుడిపక్క ఎక్కు" అంటాడు. లేదంటే "నలభై ఎనిమిది, దిగు" అంటాడు. గుంతకల్లులో ఆ వీధి ఆడవాళ్లు వయసు చెప్పడానికైనా ఒప్పుకునేవాళ్లు గానీ ఆయనకు ఎదురుపడడానికి జంకేవాళ్లు. కొత్త చీర కట్టుకుని పోతున్న మనిషిని నలుగురి ముందు నిలబెట్టి "పండగకి మూడు కేజీలు పెరిగినావే" అంటే ఎవరికి మండదు?

ఎదురింటి రామసుబ్బమ్మకు మండేది వేరే కారణానికి. ఆమె జొన్నదంటులా ఉంటుంది. వీధిలో ఎవరింట్లో ఏం ఉడికిందో తెలియనిదే ఆమెకు అన్నం అరగదు. అలాంటి మనిషి, ఆ కారులో ఎవరు ఎక్కడికి పోతున్నారో దగ్గరుండి చూద్దామంటే ఒక్కసారి కూడా తూగలేదు.

"నన్నెందుకు ఎక్కించుకోవన్నా?"

"నీకు బరువు లేదక్కా."

"నా మాటకుండాది."

"మాట బరువు చక్రం మీద పడదు."

సంగతేమిటంటే, ఇమ్మానుయేల్ ముప్పై ఏళ్లకు పైగా గూడ్సు రైళ్లు నడిపి రిటైరయ్యాడు. ముందుకు పోవడం తెలుసు, నిలబడడం తెలుసు, కూత వేయడం మరీ బాగా తెలుసు. పక్కకు తిరగడమనేదే ఆయన సర్వీసులో లేదు. ఆ పని పట్టాలు చూసుకునేవి. అలాంటాయన రెండువేల సంవత్సరంలో లైసెన్సు సంపాదించి, తాడిపత్రిలో ఒక బండల వ్యాపారి దగ్గర పాత చిన్న కారు కొనుక్కుని ఇంటికి తెచ్చాడు. వీధి మొగదలకు రాగానే కారు మెల్లగా ఎడమకు జరిగి, జరిగి, రామసుబ్బమ్మ ఎండబోసిన శెనక్కాయల మీదెక్కి నిలబడింది.

"తిప్పల్ల గదయ్యా!" అని పక్కన కూర్చున్న భార్య సువార్త నెత్తి కొట్టుకుంది.

"నేరుగా పోయే బండిని ఎందుకు తిప్పల్ల?" అన్నాడాయన.

ఆ సాయంత్రం కారు చుట్టూ పంచాయితీ కూర్చుంది. సేద్యగాడు బయ్యన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎడమెద్దు బలిసిందప్పా. కుడెద్దుకి ఉలవలు పెట్టు" అని నవ్వాడు. రామసుబ్బమ్మ బండి కిందకు తల దూర్చి చూసి, దిష్టి అని తేల్చింది. మెకానిక్కు జయరాముడు మాత్రం గడ్డం గోక్కుంటూ వరసగా చెప్పుకొచ్చాడు.

"ముందు గాలి చూద్దామన్నా. రెండు పక్కలా సమంగా ఉంటే, ముందు చక్రాలు అటుదిటు, ఇటుదటు మారుద్దాం. అప్పుడు కుడికి లాగిందనుకో, తప్పు టైరుది. అట్ల గూడా ఎడమకే పోతే బ్రేకు పట్టుకుంటాందేమో చూడల్ల. రోంత దూరం పోయొచ్చి చక్రం ముట్టుకుంటే తెలుస్తాది, పట్టుకున్నది కాలిపోతాంటాది. అదీ కాకపోతే స్టీరింగు కిందుండే కడ్డీల కీళ్లు అరిగింటాయి."

ఇమ్మానుయేల్ అంతా విని, చంటిపిల్లవాడి ముద్దుమాటలు విన్నట్టు నవ్వాడు. "గూడ్సులో లోడు ఒకపక్కే వేస్తే వ్యాగను ఆ పక్కకే వొంగుతాది. ఆ వ్యాపారి ఇన్నేండ్లూ ఎడమపక్కే బండలు మోసింటాడు. బండికి అలవాటైపోయింది. కుడిపక్క లోడు వేస్తే సరి."

"ఇది కారన్నా!"

"దీనికీ చక్రాలే గదప్పా ఉండేది."

ఆనాటినుంచి లోడు వేట మొదలైంది. మార్కెట్టుకు పోవాలన్నా, చర్చికి పోవాలన్నా, తన సీటు వెనక కుడివైపున ఒక బరువైన మనిషి ఉండాలి. ఒకసారి బయ్యన్నను కూర్చోబెట్టుకుని పోయాడు. ఎండకు బయ్యన్నకు కునుకుపట్టి ఎడమకు ఒరిగాడు. కారు పోయి మురికికాలువలో ముక్కు పెట్టింది. జనం పరిగెత్తుకొచ్చి ఏమైందంటే, ఇమ్మానుయేల్ తొణక్కుండా "లోడు కదిలింది" అన్నాడు. మరుసటి వారం బయ్యన్న కోసం తాడు తెచ్చాడు. బయ్యన్న నడిచే పోయాడు.

ఆ వీధి చివర ఆంజినమ్మకు బొరుగుల అంగడి ఉంది. వేడి ఇసుకలో బియ్యం పోసి బొరుగులు వేయించే ఆమె కుడిచెయ్యి, భుజం దగ్గర బిగుసుకుపోయింది. దువ్వెన తలదాకా పోదు, గరిటె బాణలిదాకా రాదు. గుత్తిలో చేతికి వ్యాయామం చేయించే డాక్టరు వారానికి రెండుసార్లు రమ్మన్నాడు. బస్సయినా రైలయినా కడ్డీ పట్టుకుని పైకి ఎక్కాలి కదా, ఆ పట్టుకునే చెయ్యే పట్టు తప్పింది. చెయ్యి రాకపోతే అంగడి మూసేసి ఆదోనిలో కొడుకింట్లో గోడవార కూర్చోవాలి. ఆ మాట తలచుకుంటే ఆమెకు వణుకు. సాయం చేస్తామని ఎవరైనా అంటే అంతకంటే వణుకు. ఒకరి ఇంట్లో మంచినీళ్లు తాగితే ఆ చెంబు తోమి ఇచ్చే మనిషి ఆమె.

ఒక మంగళవారం ఇమ్మానుయేల్ అంగడి ముందు కారు ఆపి, ఆంజినమ్మను తేరిపార చూసి, నిధి దొరికినట్టు కేక పెట్టాడు.

"ఎనబై ఐదు!"

"ఎవుర్రా ఎనబై ఐదు? నీ అబ్బ ఎనబై ఐదు!"

"కోపం చేసుకోవద్దక్కా. గుత్తిలో నాకు పనుండాది. ఒంటిగా పోతే బండి యాడన్నా గుంతలో పడతాది. నీయట్లా లోడు గుంతకల్లు జంక్షన్లోనే లేదు. నువ్వొస్తే నాకు ప్రాణదానం."

"నా అంగడెవురు చూస్తారు?"

"సువార్త కూర్చుంటాది. నా పని అయ్యేదాకా నువ్వు ఆ డాక్టరు దగ్గర కూచో. ఊరికే ఎండలో ఉండేదెందుకు?"

ఆంజినమ్మ ఎడమచేత్తో కొంగు దోపుకుంది. "నీ కోసరం వస్తాండా, అది గుర్తు పెట్టుకో" అని, పక్కకు తిరిగి, ఒళ్లు విరుచుకుని కుడివైపు ఎక్కింది.

ఇంక ఆమెను పట్టతరం కాలేదు. మంగళవారం, శుక్రవారం రాణిలా పోయి రాణిలా దిగేది. దారిలో ఇమ్మానుయేల్ ప్రతి మలుపులోనూ కూత వేస్తే, వెనకనుంచి "జరిగినానా, జరగలేదా?" అని అడిగేది. "కొండలా ఉండావక్కా" అంటే మురిసిపోయేది. దిగీ దిగగానే రామసుబ్బమ్మకు అప్పజెప్పేది: "నేను లేకపోతే ఆయప్ప ఈ పొద్దు పోయేవాడేనే!"

రామసుబ్బమ్మ పళ్లు నూరుకునేది.

ఒకరోజు ఆమె రేషను బియ్యం తెచ్చుకుంటుంటే, రైల్వేగేటు దాటాక ఇమ్మానుయేల్ కారు ఎదురొచ్చింది. లోపల ఆయన తప్ప ఎవరూ లేరు. ఒళ్లో ఉడకబెట్టిన శెనక్కాయలు. రెండు చేతులూ వదిలేసి, తీరిగ్గా ఒక్కొక్క కాయా ఒలుచుకుని నోట్లో వేసుకుంటున్నాడు. కారు మాత్రం దారం పట్టి గీసిన గీతలా నేరుగా పోతోంది.

రామసుబ్బమ్మ బియ్యం మూట ఇంట్లో కూడా దింపలేదు. నేరుగా జయరాముడి షెడ్డుకు పోయింది.

"ఆ కారుకు దిష్టి ఎప్పుడు పోయింది రా?"

"దిష్టి గాదక్కా. ఎడమ బ్రేకు పట్టుకుంటాండె, కీళ్లు గూడా అరిగిండె. ఆయన నమ్మల్యా. చక్రం ముట్టుకుని వేళ్లు కాల్చుకున్నాక నమ్మినాడు. వానల ముందే బాగు చేసినా."

"ఏ వానలు?"

"అదే, మొన్న రాని వానలు."

రామసుబ్బమ్మ వేళ్లు మడిచి చూసుకుంది. ఆంజినమ్మ మొదటిసారి కారెక్కింది ఆ రాని వానలు కూడా వెళ్లిపోయిన తర్వాత.

"ఎవురితోనూ అనొద్దన్నాడక్కా" అన్నాడు జయరాముడు. జల్లెడలో నీళ్లు పోసి, ఒలకకుండా మోయమన్నట్టుంది ఆ మాట.

అయినా మోసింది. ఆంజినమ్మ చెయ్యి అప్పటికి భుజం ఎత్తుకు వచ్చింది. ఈ సంగతి చెవిన పడితే ఆ మానధనురాలు మళ్లీ ఆ కారు గడప తొక్కదని, ఆ చెయ్యి అక్కడే ఆగిపోతుందని రామసుబ్బమ్మకు తెలుసు. నోరు మూసుకుంటే కడుపు ఉబ్బింది. సోడా తాగింది. వాము నమిలింది. సువార్త ఎదురైతే మొహం తిప్పుకుని పోయింది. అంతగా ఓర్చుకుంది పాపం.

కానీ మంచినీళ్ల ట్యాంకరు వచ్చిన రోజున వరుసలో వెనక ఆంజినమ్మ నిలబడింది. ఆమె రామసుబ్బమ్మ బిందెను పక్కకు తోసి, "జరుగే. మడిసన్నాక రోంత బరువుండల్ల. నీయట్లా ఈకలు ఎవురికి పనికొస్తాయి?" అంది.

జల్లెడ ఒలికిపోయింది.

"నీ బరువు ఎవురికి కావాల? ఆ బండి ఎప్పుడో బాగైంది! నీ చెయ్యి కోసరం నిన్ను ఊరికే తిప్పుతాండాడు!"

అన్న మరుక్షణమే ఆ మాటను మళ్లీ మింగేద్దామనుకుంది రామసుబ్బమ్మ. ట్యాంకరు గొట్టంలోంచి నీళ్లు నేలపాలవుతున్నా పట్టుకునే నాథుడు లేడు. ఆంజినమ్మ బిందె పడేసి, ఇంటిముందు కారు అద్దం తుడుచుకుంటున్న ఇమ్మానుయేల్ దగ్గరికి నడిచింది. వెనక వరుసంతా నడిచింది.

"ఏమప్పా, ఈ బండి నేరుగా పోతాదా?"

ఇమ్మానుయేల్ రామసుబ్బమ్మ వైపు చూశాడు. రామసుబ్బమ్మ మబ్బుల కోసం ఆకాశం చూసింది.

"ఒక్కో దినం పోతాదక్కా..."

"నన్ను ధర్మానికి తిప్పినావా? నేనేమన్నా అడుక్కునేదాన్నా?" అంటూ కొట్టడానికి చెయ్యెత్తింది ఆంజినమ్మ.

కుడిచెయ్యి. అది భుజం దాటింది, చెవి దాటింది, నెత్తి దాటి పైకి పోయి అక్కడ నిలబడింది. ఆంజినమ్మ తలెత్తి ఆ చేతిని, ఎవరిదో అన్నట్టు చూసింది. దెబ్బకోసం మెడ వంచిన ఇమ్మానుయేల్ ఒక కన్ను తెరిచి పైకి చూశాడు.

"లైను క్లియరక్కా" అన్నాడు మెల్లగా.

దెబ్బ మాత్రం పడింది. వీపు మీద, గట్టిగానే. ఆ వెంటనే రెండోది కూడా పడింది, చెయ్యి నిజంగానే వచ్చిందో లేదో చూసుకోవాలి కదా!

ఆ నెలలోనే అంగడిలో బొరుగులు మళ్లీ చిటపటలాడాయి. ఇమ్మానుయేల్ ఎంత వద్దన్నా వినకుండా ఆంజినమ్మ వారం వారం ఒక సంచీ నింపి కారు వెనకసీట్లో పడేసేది, కుడివైపునే.

కొన్నాళ్లకు ఇమ్మానుయేల్ కారు సుబ్బన్న ఇంటిముందు ఆగింది. సుబ్బన్న రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన ముసలాయన. రెండు కళ్లకూ శుక్లాలు. అనంతపురంలో ఆపరేషను చేస్తామన్నా, ఒకరి చెయ్యి పట్టుకుని నడవనని భీష్మించి గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాడు. ఇమ్మానుయేల్ ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు.

"నలభై మూడు. సరిగ్గా సరిపోతావు సుబ్బన్నా. బండి ఇప్పుడు కుడికి లాగుతాండాది. రోంతే, ఎక్కువ గాదు. ఎడమపక్కకు తేలిక లోడు కావాల. అనంతపురం దాకా నాతో రావల్ల."

సుబ్బన్నకు అనుమానమొచ్చింది. మసక కళ్లతో వీధి నాలుగు పక్కలా వెతికాడు. బయ్యన్న తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆంజినమ్మ గరిటె తిప్పడం ఆపి, "ఎక్కన్నా! నువ్వెక్కకపోతే ఆ పిచ్చోడు యాడన్నా పడి సస్తాడు" అని కేకేసింది.

సుబ్బన్నకు అదీ చాలలేదు. వీధిలో కడుపులో మాట దాచుకోలేని మనిషి ఒక్కరే ఉన్నారని ఆయనకు తెలుసు.

"రామసుబ్బమ్మా, నువ్వు చెప్పు. నిజంగా లాగుతాదా?"

రామసుబ్బమ్మ గుక్క తిప్పుకుంది. వీధంతా ఆమె నోటి వైపు చూసింది.

"లాగేది ఏందన్నా! నిన్న నా కండ్లారా చూసినా. నీయట్లా సన్నోడు ఎడమపక్క లేకపోయేసరికి, మా గోడ కూలదోసేది ఇంత దూరంలో తప్పిపోయింది" అంది. అని ఊరుకోకుండా, ఆ ఇంత దూరం ఎంతో వేళ్లతో చూపించింది కూడా.

సుబ్బన్న నిట్టూర్చి, "సరే, నీ కోసరం వస్తాండానప్పా" అంటూ ఎడమవైపు తలుపు తడుముకున్నాడు. ఇమ్మానుయేల్ పొడుగ్గా ఒక కూత వేశాడు.