రెండు గోడల పగడపు రాయి

మద్రాసులోని నిపుణుడికి నేను పంపిన పగడపు ముక్క తిరిగొచ్చింది, దానితో ఒక్క వాక్యం జవాబు: "మామూలు రకమే, ఇక రాయవద్దు." తరువాత ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్‌ని. నా మాటకు అంతే విలువ కాబోలు. మామూలు రకంలో పగడపు జీవులు ఉండే చిన్న చిన్న గిన్నెల్లో పక్కపక్క వాటి మధ్య గోడ ఒక్కటే ఉంటుంది. నా ముక్క విరిగిన అంచున గోడలు రెండు, వాటి నడుమ సన్నటి గాడి. మన తీరంలో అది అరుదు. రాలిన ఆ ముక్కను పాండిచ్చేరి నుంచి బాబాయి పంపాడు; మిగతా రాయి అక్కడే మా పిన్నమ్మ ఇంట్లో ఉంది. 1979 వేసవి సెలవులు ఇవ్వగానే బయలుదేరాను.

నెల్లూరులో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి మద్రాసులో దిగాను. ఇడ్లీ తిని పాండిచ్చేరి బస్సెక్కాను. ఒళ్లో దూదిలో చుట్టిన ముక్కను చూసి పక్క సీటులోని తెలుగాయన, "ఏం సార్, దేవుడా?" అన్నారు.

"కాదండీ, రాయి."

"దానికీ టిక్కెట్టు తీసుకున్నారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

మధ్యాహ్నానికి దిగి, రిక్షాలో ఒర్లియంపేట చేరాను. పిన్నమ్మ వాళ్లు తరాలుగా అక్కడే ఉన్నారు.

"ఇన్నేండ్లకు దోవ తెలిసిందా అప్పా? అదీ రాయి కోసరమా!" అంటూ సాంబారన్నం పెట్టింది.

సోలై నగర్ జాలరి వలలో పడితే ఆ రాయిని బాబాయికి ఇచ్చాడట. అరుగు మీద గోడకు ఆనించి, బిందెకు ఊతగా పెట్టారు. భూతద్దంతో వంగి చూశాను. ఎక్కడా గాడి లేదు. అంతటా ఒకే గోడ. నిపుణుడి మాటే నిజమా? అరుగు మీదే కూలబడ్డాను.

"ఎట్టా మెరస్తా ఉందో చూసినావా? పొంగలి పండక్కి ఇంటికి సున్నం కొట్టేప్పుడు దానికీ రెండు పూతలు పూస్తా," అంది పిన్నమ్మ.

ప్రాణం లేచి వచ్చింది. పగడం ఎండితే తెల్లగానే ఉంటుంది కాబట్టి సున్నం సంగతి నాకు తట్టనే లేదు; ఏటేటా పూసిన పూతలు గాడుల్ని పూడ్చేసి ఉంటాయి. యాసిడ్‌తో సున్నం తీద్దామంటే పగడమూ కరుగుతుంది. కానీ ఇంటి గోడకు ఆనిన వైపుకు కుంచె చేరి ఉండదు. రాయిని తిప్పి, నీళ్లు పోసి పాత బ్రష్షుతో మెల్లగా తోమాను. భూతద్దం కింద ప్రతి గిన్నెకూ సొంత గోడ, గోడకూ గోడకూ మధ్య గాడి!

"ఏంది, ఈ పక్క ఇంత గలీజుగా ఉంది? ఉండు, సున్నం తెస్తా."

"వద్దు పిన్నమ్మా!" రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"అయితే తీసకపో. మరి నా బిందెకి యాడిది ఊత?"

వీధి చివర నుంచి రెండు ఇటుకలు తెచ్చి పెట్టాను.

సాయంత్రం బస్సులో రాయిని గోనెసంచిలో కాళ్ల దగ్గర పెట్టుకుని, చాలా నెలల తరువాత హాయిగా నిద్రపోయాను.

నిపుణుడు గారూ, విరిగిన అంచు వదిలేసి ముక్క పైభాగాన మీరు చూసింది మా పిన్నమ్మ సున్నాన్ని, పగడాన్ని కాదు. రాయి ఇప్పుడు మా కాలేజీ గాజు బీరువాలో ఉంది, కింద పేరు రాసే అట్ట ఖాళీగా ఉంది. వచ్చి చూడండి, భూతద్దం నేనే ఇస్తాను. గోడ ఒకటా, రెండా? జవాబు చెప్పండి.